గుండెలో కొత్త రక్తనాళాలు మొలిపించే జన్యు చికిత్స: ఎవరికి, ఎప్పుడు, ఏ పద్ధతిలో?

బైపాస్ కుదరదన్నారు. స్టెంటు వేయడానికి వీలైన చోటు లేదన్నారు. మందులు వాడుతున్నా రెండు మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. జన్యు చికిత్స మాట సాధారణంగా ఈ దశలోనే చెవిన పడుతుంది. రక్తం చాలని గుండె కండరంలోకి ఒక జన్యువును పంపి, నాళాలను పెంచే ప్రొటీన్‌ను అక్కడి కణాలతోనే తయారు చేయించడం దీని ఉద్దేశం. 1990ల నుంచి మనుషుల మీద ప్రయోగాలు సాగుతున్నా, గుండె కోసం ఇలాంటి జన్యు చికిత్స దేనికీ అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు ఇంతవరకు అనుమతి ఇవ్వలేదు. కాబట్టి ఇది కావాలంటే ఏదో ఒక క్లినికల్ ట్రయల్‌లో చేరాల్సిందే.

ఇక్కడ వరుస చాలా ముఖ్యం. కొన్ని చికిత్సలు నచ్చకపోతే మానేయవచ్చు. కొన్ని ఒకసారి చేయించుకుంటే శరీరంలో ఉండిపోతాయి, తర్వాతి దారులను మూసేస్తాయి కూడా. వదిలేయగలిగినవి ముందు ప్రయత్నించి, వెనక్కి తీసుకోలేనివి చివరికి ఉంచుకోవాలన్నదే ఈ వ్యాసంలో ఇచ్చే సలహా.

‘ఇక దారి లేదు’ అన్న మాటను ముందు సరిచూసుకోండి

ఒక డాక్టరు స్టెంటు కుదరదంటే అది ఆ డాక్టరు అనుభవాన్ని బట్టి చెప్పిన మాట కావచ్చు. పూర్తిగా మూసుకుపోయి నెలలు గడిచిన ధమనిని తెరవడం స్టెంటింగ్‌లోనే వేరే విద్య. దానికి వేరే వైర్లు, వేరే కాథెటర్లు ఉంటాయి, అవతలి వైపు నుంచి చిన్న నాళాల గుండా వచ్చి తెరిచే పద్ధతీ ఉంది. ఆ పని నిత్యం చేసే చేతుల్లో 85 నుంచి 90 శాతం సార్లు ధమని తెరుచుకుంటుంది. అందుకే యాంజియోగ్రామ్ వీడియోను, రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా అసలు వీడియోనే, అలాంటి నిపుణుడికీ ఒక బైపాస్ సర్జన్‌కీ చూపించాలి. ఇద్దరూ కాదన్నాకే దారులు మూసుకున్నట్టు లెక్క.

రెండోది మందుల సంగతి. ‘అన్నీ వాడుతున్నాం’ అనేవాళ్లలో చాలామందికి డోసు సరిపోయి ఉండదు. బీటా బ్లాకర్ వాడుతూ కూర్చున్నప్పుడు నాడి 75 ఉంటే ఆ మందుకు ఇంకా అవకాశం ఉన్నట్టే. సాధారణంగా 55–60కి తేవాలని చూస్తారు. నైట్రేట్ మాత్రలు రోజంతా సమానంగా పంచుకుని వేసుకుంటే శరీరం వాటికి అలవాటు పడిపోయి పని తగ్గుతుంది. రోజులో 10–12 గంటలు నైట్రేట్ లేని విరామం ఉండాలి. రానోలజైన్ రోజుకు రెండుసార్లు 500 నుంచి 1000 మి.గ్రా. వరకు ఇవ్వవచ్చు కానీ ఈసీజీలో క్యూటీ నిడివి (ప్రతి కొట్టుకు గుండె గదుల విద్యుత్తు మొదలై సద్దుమణగడానికి పట్టే సమయం) చూసుకోవాలి. ఇవాబ్రడైన్ గుండె లయ మామూలుగా ఉన్నవాళ్లకే పనికొస్తుంది, వెరాపమిల్, డిల్టియాజెమ్‌లతో కలపకూడదు. ఈ మార్పులన్నీ డాక్టరు చేతి మీదుగానే జరగాలి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, వేగంగా కొట్టుకునే గుండె, ఈ మూడూ ఆంజినాను, అంటే గుండె కండరానికి రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పిని, పెంచుతాయి. హిమోగ్లోబిన్ 9 ఉన్న మనిషికి కొత్త నాళాలకంటే ముందు రక్తహీనతకు కారణం వెతకాలి.

తొందరపడాల్సిన అవసరం కూడా తక్కువే. స్టెంటూ బైపాసూ కుదరని 1200 మంది ఆంజినా రోగులను అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో ఏళ్ల తరబడి గమనించారు. మొదటి ఏడాదిలో మరణాలు 3.9 శాతం. తొమ్మిదేళ్లకు 28.4 శాతం. అంటే బాధ తీవ్రమైనదే అయినా, చాలామందికి ఒక్కో చికిత్సను కొన్ని నెలలు చూసి నిర్ణయం తీసుకునేంత వ్యవధి ఉంటుంది. నొప్పి తీరు ఉన్నట్టుండి మారితే, విశ్రాంతిలో కూడా వస్తుంటే మాత్రం ఈ లెక్క వర్తించదు. అది అత్యవసరం.

కొత్త నాళాలు ఏం చేయగలవు, ఏం చేయలేవు

రక్తం చాలని కండరం తనంతట తానే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తుంది. దగ్గర్లోని సన్నని కేశనాళికల గోడల్లో ఉన్న కణాలు ఆ సంకేతం అందుకుని కొత్త కొమ్మలు వేస్తాయి. జన్యు చికిత్స ఈ సంకేతాన్ని కొన్నాళ్లపాటు గట్టిగా వినిపిస్తుంది.

అయితే కేశనాళిక వేరు, ధమని వేరు. నాళం వ్యాసార్థం సగమైతే అందులో పారే రక్తం పదహారో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఎన్ని కేశనాళికలు మొలిచినా పైనుంచి రక్తం తెచ్చే ఓ మోస్తరు ధమని ఒక్కటైనా తెరిచి ఉండకపోతే అవి ఎండిన పిల్లకాలువలే. పక్కదారి ధమనులు లావెక్కడం వేరే ప్రక్రియ, దాన్ని రక్తప్రవాహపు ఒరిపిడి నడిపిస్తుంది. అందుకే మంచి ట్రయళ్లలో రక్తం తక్కువగా అందుతున్నా ఇంకా బతికే ఉన్న కండరాన్ని వెతికి అక్కడే ఇంజెక్షన్ ఇస్తారు. పాత గుండెపోటు మచ్చలో ఎన్ని చుక్కలు వేసినా కండరం తిరిగి రాదు.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు యాంజియోగ్రామ్‌లో సుమారు 0.2 మి.మీ. కంటే సన్నని నాళాలు కనిపించవు, కేశనాళిక మందం 0.01 మి.మీ. కూడా ఉండదు. చికిత్స ముందూ తర్వాతా రెండు యాంజియోగ్రామ్‌లు పక్కపక్కన పెట్టి ‘చూడండి, కొత్త నాళాలు’ అని ఎవరైనా చూపిస్తే నమ్మకండి. ఫలితం తెలియాలంటే కండరంలోకి వెళ్లే రక్తాన్ని కొలిచే పెట్ స్కాన్ గానీ, ఒత్తిడి ఇచ్చి తీసే ఎమ్‌ఆర్‌ఐ గానీ ఉండాలి.

వాహకాల్లో తేడా: ప్లాస్మిడ్, అడినోవైరస్, ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ, ఏఏవీ

ఏ జన్యువు అన్నదానికంటే అది దేని మీద ఎక్కి లోపలికి వెళ్తోంది, ఎంతకాలం పనిచేస్తుంది అన్నవే ట్రయళ్ల మధ్య ఎక్కువ తేడా తెస్తాయి.

ప్లాస్మిడ్ అంటే గుండ్రటి ఉత్తి డీఎన్‌ఏ. వైరస్ లేదు కాబట్టి రోగనిరోధక శక్తి పెద్దగా తిరగబడదు, అవసరమైతే మళ్లీ ఇవ్వవచ్చు. దీని బలహీనత ఏమిటంటే కణాల్లోకి చేరేది బహు తక్కువ. 80 మందితో జరిగిన యూరోఇంజెక్ట్ వన్ ట్రయల్‌లో 0.5 మి.గ్రా., 93 మందితో కెనడాలో జరిగిన నార్తర్న్ ట్రయల్‌లో 2 మి.గ్రా. వీఈజీఎఫ్ ప్లాస్మిడ్ ఇచ్చారు. డోసు నాలుగింతలైనా రెండింట్లోనూ కండరానికి అందే రక్తంలో ప్లాసిబో (పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్) కంటే తేడా తేలలేదు. ఉత్తి వీఈజీఎఫ్ ప్లాస్మిడ్ ఒక్కదాన్నే ఇచ్చే ట్రయల్ ఎదురైతే, ఈ రెండిటికంటే తమది ఎందుకు భిన్నమో వాళ్లే వివరించాలి.

అడినోవైరస్ కణాల్లోకి బాగా చొరబడుతుంది. ప్రొటీన్ తయారీ ఒకటి రెండు వారాలు జోరుగా సాగి ఆగిపోతుంది. ఇలా ఆగిపోవడం ఇక్కడ మేలే, ఎందుకంటే వీఈజీఎఫ్ అదుపు లేకుండా ఊరుతూనే ఉంటే ఎలుకల గుండెలో గడ్డల్లాంటి రక్తనాళాల ముద్దలు ఏర్పడ్డాయి. చిక్కు ఎక్కడంటే ఇది జలుబు తెచ్చే వైరస్ కుటుంబం. చాలామందికి దీని మీద ప్రతిరక్షకాలు ముందే ఉంటాయి. లేనివాళ్లకు మొదటి డోసుతో పుట్టుకొస్తాయి, ఆ తర్వాత అదే వైరస్‌తో రెండో డోసు ఇస్తే పని చేసే అవకాశం తగ్గిపోతుంది. పైగా చాలా ట్రయళ్లు ఇదివరకు జన్యు చికిత్స తీసుకున్నవాళ్లను చేర్చుకోవు. అంటే ఈ టికెట్ ఒక్కసారే చెల్లుతుంది.

మోతాదు గురించి భయపడేవాళ్లకు ఒక పోలిక. 1999లో అమెరికాలో కాలేయ జబ్బు ట్రయల్‌లో 18 ఏళ్ల యువకుడు చనిపోయినప్పుడు కాలేయ ధమనిలోకి ఎక్కించిన అడినోవైరస్ కణాలు సుమారు 38 లక్షల కోట్లు. గుండె ట్రయళ్లలో వాడినవి 100 కోట్ల నుంచి 10,000 కోట్ల వరకు. వందల రెట్లు తక్కువ. అయినా తొలి రోజుల్లో జ్వరం, కాలేయ ఎంజైములు పెరగడం కనిపించవచ్చు, రక్తపరీక్షలు తప్పనిసరి.

ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రొటీన్ తయారీకి కణం చదువుకునే తాత్కాలిక సూచన, కొత్త దారి. వైరస్ లేదు, కణం డీఎన్‌ఏ జోలికి పోదు, ప్రొటీన్ కొద్ది రోజులే తయారవుతుంది. ఎపిక్యూర్ అనే ట్రయల్‌లో బైపాస్ జరుగుతుండగా 3 మి.గ్రా. వీఈజీఎఫ్ ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ మందును గుండె పైపొరలో 30 చోట్ల గుచ్చారు. మందు అందింది ఏడుగురికి, ప్లాసిబో నలుగురికి. ఇంత చిన్న గుంపుతో తెలిసేది భద్రత గురించే. పైగా వాళ్లంతా బైపాస్‌కు పనికొచ్చినవాళ్లు, కాబట్టి బైపాసే కుదరనివారికి ఆ ఫలితం నేరుగా వర్తించదు.

ఏఏవీ అనే మరో వైరస్ నెలలు, ఏళ్లు పనిచేస్తుంది. లోపించిన జన్యువును భర్తీ చేసే జబ్బుల్లో అదే దాని బలం. నాళాలను మొలిపించే సంకేతానికి మాత్రం ఆపే మీట లేకుండా అంత నిడివి ఎందుకన్నది మా అభ్యంతరం.

ఎటువైపు నుంచి ఇస్తారు

మూడు మార్గాలున్నాయి. కరోనరీ ధమనిలోకి కాథెటర్‌తో వదలడం అన్నిటికంటే తేలిక, స్టెంటు వేసినంత పని. కానీ మందులో కొంత భాగం కండరంలో ఆగకుండా శరీరమంతా తిరిగి కాలేయానికి చేరుతుంది. మూసుకుపోయిన ధమని వెనక ఉన్న కండరానికి, అంటే అసలు అవసరమున్న చోటికి, తక్కువ అందుతుంది. నాళాలను పెంచే మరో ప్రొటీన్ అయిన ఎఫ్‌జీఎఫ్-4 జన్యువుతో జరిగిన ఏజెంట్ ట్రయళ్లు ఈ దారినే ఎంచుకున్నాయి. మూడు, నాలుగో ట్రయళ్లలో కలిపి 532 మంది చేరాక మధ్యంతర లెక్కలు చూసి ఆపేశారు. తర్వాతి విశ్లేషణలో ఆడవాళ్లకు మేలు కనిపించింది. అది ట్రయల్ అయ్యాక విడదీసి చూసిన లెక్క కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు గానీ ఆధారంగా తీసుకోలేం.

రెండోది గజ్జల నుంచి కాథెటర్‌ను గుండె ఎడమ గదిలోకి పంపి లోపలి గోడలో సూదితో గుచ్చడం. ముందు నోగా అనే పద్ధతిలో గోడ విద్యుత్తునూ కదలికనూ చుక్క చుక్కగా కొలిచి పటం గీస్తారు. విద్యుత్తు బాగుండి కదలిక తగ్గిన చోటు బతికున్న కండరం, అదే గురి. ఒక్కో చోట 0.2 మి.లీ. లాంటి చిన్న మోతాదు ఇస్తారు. ఇక్కడ జరిగే పొరపాట్లు చాలావరకు యాంత్రికమైనవి. సూది గోడకు నిటారుగా ఆనకపోతే మందు గదిలోకి జారిపోతుంది, త్వరగా వెనక్కి లాగితే గుచ్చిన రంధ్రం గుండా బయటికి వచ్చేస్తుంది, గోడ పల్చగా ఉంటే సూది అవతలికి దిగి గుండె చుట్టూ రక్తం చేరుతుంది. గుచ్చే చోట గోడ మందాన్ని ఎకోలో ముందే చూస్తారు. ఎడమ గదిలో రక్తపు గడ్డ ఉన్నా, బృహద్ధమని దగ్గర లోహపు కవాటం ఉన్నా ఈ దారి కుదరదు.

మూడోది పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి గుండె పైనుంచి ఇవ్వడం. కంటికి కనిపిస్తుంది కాబట్టి మందు సరైన చోట పడుతుంది. 67 మందితో జరిగిన రివాస్క్ ట్రయల్‌లో ఈ పద్ధతిలో వీఈజీఎఫ్‌లో ఒక రకమైన వీఈజీఎఫ్-121 జన్యువును ఇచ్చాక 26 వారాలకు వ్యాయామ పరీక్షలో మేలు కనిపించింది. ఎగ్జాక్ట్ అనే తర్వాతి ట్రయల్ కూడా ఇదే దారిన 15 చోట్ల గుచ్చింది. రెండింటికీ ఒకటే లోటు: తమకు మందు అందిందని రోగులకు తెలుసు. మత్తు, కోత, కోలుకోవడం, వీటన్నిటి భారం మోసిన మనిషికి ‘బాగైంది’ అనిపించడం సహజం.

మధ్య దారైన కాథెటర్ ఇంజెక్షనే మాకు సబబుగా తోస్తుంది. ఫిన్లాండ్‌లోని కువోపియోలో ఇలాగే అడినోవైరస్‌తో వీఈజీఎఫ్ కుటుంబంలోని వీఈజీఎఫ్-డి జన్యువును 30 మంది ఉన్న ట్రయల్‌లో పరీక్షించారు. ఏడాదికి పెట్ స్కాన్‌లో చికిత్స చేసిన చోట, అవసరమైనప్పుడు రక్తప్రవాహాన్ని పెంచుకోగల సామర్థ్యం పెరిగింది. సంఖ్య చిన్నది, కానీ కొలవాల్సినదాన్ని కొలిచిన పద్ధతి సరైనది. వీఈజీఎఫ్-డి లింఫ్ నాళాలనూ పెంచుతుంది. నాళాలు కారి చేరే నీటిని అవి తీసేస్తాయన్నది దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం.

ప్లాసిబో లేని ఫలితాన్ని ఎందుకు నమ్మకూడదు

జన్యువు కాకుండా వీఈజీఎఫ్ ప్రొటీన్‌నే నేరుగా ఇచ్చిన వీవా ట్రయల్‌ను చూడండి. 178 మంది చేరారు. 60 రోజులకు ట్రెడ్‌మిల్ మీద నడిచే సమయం మందు తీసుకున్నవాళ్లలో 30 సెకన్లు పెరిగింది. ఏ మందూ లేని ద్రవం తీసుకున్నవాళ్లలో 48 సెకన్లు పెరిగింది. ప్లాసిబో గుంపు లేకుండా ఉంటే ఆ 30 సెకన్లే విజయమని రాసేవాళ్లు. ఆంజినాలో ఇది ప్రతిచోటా జరుగుతుంది. ఎక్కువ శ్రద్ధ దొరుకుతుంది, మందులు సక్రమంగా వేసుకుంటారు, మనసుకు ధైర్యం వస్తుంది. వీటన్నిటిని దాటి మందు బలం తేలాలి.

జన్యువులు లేని పోటీదారులు

ఈఈసీపీలో కాళ్లకు, తొడలకు కట్టిన గాలి పట్టీలు గుండె విశ్రమించే క్షణంలో బిగుస్తాయి. రోజుకు గంట, వారానికి అయిదు రోజులు, ఏడు వారాలు, మొత్తం 35 గంటలు. 139 మందితో జరిగిన ట్రయల్‌లో ఈసీజీలో మార్పు రావడానికి పట్టే సమయం పెరిగింది, నొప్పి వచ్చే సార్లు తగ్గాయి. కోత లేదు, నచ్చకపోతే మానేయవచ్చు, తర్వాతి దారి ఏదీ మూసుకోదు. కాళ్లలో రక్తపు గడ్డ, బృహద్ధమని కవాటం బాగా లీకవడం, కాళ్ల ధమనులు బాగా మూసుకుపోవడం, పొట్టలో ధమని ఉబ్బి ఉండటం, ఇవి ఉంటే చేయరు. దిండులా బిగిసే పట్టీల కింద చర్మం ఒరుసుకుంటుంది, ముడతలు లేని బిగుతు పైజామా వేసుకోవాలి.

కరోనరీ సైనస్ రిడ్యూసర్ ఇసుక గడియారం ఆకారంలో ఉండే లోహపు జాలీ. గుండె నుంచి చెడు రక్తం బయటికి పోయే సిరను మెడ దగ్గరి నుంచి వెళ్లి 3 మి.మీ.కి ఇరుకు చేస్తుంది. వెనక ఒత్తిడి పెరిగి రక్తం లోపలి పొరలకు మళ్లుతుంది. జాలీ మీద కణజాలం కప్పుకోవడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది కాబట్టి మొదటి వారాల్లో మార్పు లేదని నిరాశపడకూడదు. 104 మందితో జరిగిన కోసిరా ట్రయల్‌లో, ఆంజినా తీవ్రతను నాలుగు తరగతులుగా కొలిచే లెక్కలో రెండు తరగతుల మేలు 35 శాతం మందికి, ఉత్తుత్తి ప్రక్రియ గుంపులో 15 శాతానికి కనిపించింది. 2024లో వచ్చిన ఆర్బిటా-కాస్మిక్‌లో నొప్పి వచ్చే సార్లు తగ్గాయి గానీ స్కాన్‌లో కండరమంతటికీ అందే రక్తం పెరగలేదు. ఇది శాశ్వతంగా ఉండిపోతుంది. మున్ముందు రెండు గదులను కలిపి నడిపించే పేస్‌మేకర్ అవసరమైతే దాని తీగ వెళ్లాల్సిందీ ఆ సిరలోనే. పంపింగ్ తగ్గుతూ వస్తున్నవాళ్లు ఇది ముందే అడగాలి.

వెన్నుపాము దగ్గర తీగ అమర్చే పద్ధతి నొప్పి సంకేతాలను తగ్గిస్తుంది. తర్వాత ఎమ్‌ఆర్‌ఐకి ఇబ్బంది కావచ్చు.

సీడీ34 కణాలంటే రోగి రక్తం నుంచే వేరుచేసిన, నాళాల పెరుగుదలకు తోడ్పడతాయని భావించే కణాలు. 167 మంది ట్రయల్‌లో ఆరు నెలలకు వారానికి వచ్చే నొప్పులు ప్లాసిబోలో 10.9, తక్కువ డోసులో 6.8. తర్వాతి పెద్ద ట్రయల్ 444 మందితో మొదలవ్వాల్సింది, డబ్బు కారణంతో 112 మంది దగ్గరే ఆగింది. కణాలను రక్తంలోకి రప్పించే ఇంజెక్షన్లు కొన్ని రోజులు తీసుకోవాలి. ఇక్కడా గుచ్చేది నోగా పటంతోనే, కాబట్టి సూది ప్రమాదాలు అవే.

ఎవరికి ఏది

ఈఈసీపీకి అడ్డంకి లేనివారు అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది. అది పూర్తయ్యాక మూడు నెలలకీ మెట్లెక్కలేకపోతుంటే, ఎడమ ధమనుల పరిధిలోనే రక్తం తక్కువైతే రిడ్యూసర్ ఆలోచించాలి. కుడి ధమని వైపు లోటుకు ఆ సిర దారి పెద్దగా పనికిరాదు. జన్యు చికిత్స ట్రయల్ వీటి తర్వాతే. బతికున్న కండరం స్కాన్‌లో స్పష్టంగా ఉండి, పంపింగ్ ఓ మోస్తరుగా ఉండి, పైనుంచి రక్తం తెచ్చే ధమని ఒక్కటైనా మిగిలినవారికే అది తగినది.

ఇటీవలి క్యాన్సర్ ఉన్నవారిని సాధారణంగా చేర్చుకోరు. నాళాలు పెరగడం కణితికీ ఆహారమే. మధుమేహంతో కంటి రెటీనాలో కొత్త నాళాలు పుడుతున్నవారికీ ఇది తగదు. వాళ్ల కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్ వీఈజీఎఫ్‌ను అడ్డుకోవడానికి, గుండెలోకి ఇచ్చేది దాన్ని పెంచడానికి. చేరేముందు రెటీనా పరీక్ష చేయని ట్రయల్ ఉంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

‘ఈ మందుకు ఇప్పటికే అనుమతి ఉంది’ అని ఎవరైనా అంటే ఏ అవయవానికో అడగండి. రష్యా 2011లో అనుమతించిన నియోవాస్కుల్జెన్, జపాన్ 2019లో షరతులతో అనుమతించిన కొల్లాటెజీన్, రెండూ కాళ్లలో రక్తం చాలని జబ్బుకు. రెండోదాన్ని 2024లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. కాళ్ల మీదే 525 మందితో జరిగిన టమారిస్ ట్రయల్‌లో ఎఫ్‌జీఎఫ్ ప్లాస్మిడ్ కాలు తీసేయడాన్నీ మరణాన్నీ తగ్గించలేకపోయింది.

సంతకానికి ముందు, సూది తర్వాత

ట్రయల్ వాళ్లను అడగాల్సినవి: ప్లాసిబో గుంపు ఉందా, అందులో పడితే తర్వాత అసలు మందు ఇస్తారా? ఫలితాన్ని కొలిచేది దేనితో, చూసే డాక్టరుకు ఎవరు ఏ గుంపో తెలుసా? ఎన్నేళ్లు పిలిచి చూస్తారు? హాని జరిగితే ఖర్చు ఎవరిది? దీని తర్వాత నాకు ఏ ట్రయళ్లు మూసుకుపోతాయి? చేరడానికే డబ్బు అడిగితే అది ట్రయల్ అయ్యే అవకాశం తక్కువ. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ లాంటి బహిరంగ జాబితాలో దాని నంబరు వెతకండి.

చేరడం ఖాయమైతే అంతకుముందు నాలుగు వారాలు డైరీ రాయండి: ఏ తేదీ, ఏం చేస్తుండగా నొప్పి, ఎన్ని నిమిషాలు, నాలుక కింద మాత్రలు ఎన్ని. అదే డైరీ తర్వాతా కొనసాగించండి. మందులు ఆపకండి.

ఇంజెక్షన్ అయిన మొదటి 48 గంటల్లో కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, పడుకుంటే పెరిగే ఆయాసం, మెడ నరాలు ఉబ్బడం కనిపిస్తే గుండె చుట్టూ రక్తం చేరిందేమోనని వెంటనే ఎకో తీయాలి. వారం పది రోజులకు, ప్రొటీన్ ఉత్పత్తి జోరుగా ఉన్నప్పుడు, నీరు చేరడం వేరే కథ. కొత్త నాళాల గోడలు కారడం వల్ల అది నెమ్మదిగా పెరుగుతుంది, ఎకోలోనే తెలుస్తుంది. ఇంటికి వెళ్లే ముందు రెండో వారం ఎకోకు తేదీ రాయించుకుని వెళ్లండి.